బోరు ఉన్న చోట మోట

మా అమ్మ చివరి రోజుల్లో చర్చిలో ప్రభువు బల్లకు లేవడం మానేసింది. మోకాళ్ల నొప్పుల వల్ల అని అందరికీ నేనే చెప్పాను. పాస్టరు అయ్యగారికి చెప్పాను, మేనత్తకు చెప్పాను. సమాధి దగ్గర రెండు మాటలు మాట్లాడమంటే అక్కడా అదే చెప్పాను. మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషికి మోకాళ్లు పట్టేశాయంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. మా ఊళ్లో సగం మంది నడుములు పట్టుకొని నడిచేవాళ్లే.

అది నిజం కాదు. ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆ యేడు కూడా నాట్లకు పోయింది.

తెలియనివారి కోసం చెబుతాను. నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారు. పేరు పిలిచి ఇవ్వరు, ఎవరికి వారు లేచి ముందుకు పోవాలి. ఒప్పుకోని తప్పు మనసులో ఉంటే లేవకూడదని మా పెద్దవాళ్లు గట్టిగా నమ్మేవారు. చిన్నవాళ్లు ఇప్పుడు అంత పట్టించుకోరు. అమ్మ పట్టించుకునేది.

నేను పాట రాసుకొని, బాణీ కట్టుకొని, పియానో వాయిస్తూ నేనే పాడేవాణ్ణి. మా వైపు ఇలాంటి పని పెట్టుకున్నవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. దానికి కారణం మహబూబ్‌నగర్‌లో నేను చదివిన మిషన్ హాస్టల్. అక్కడ ప్రార్థన గదిలో ఒక పాత పియానో ఉండేది. ఎవరో దొరసాని వదిలిపోయింది. వానాకాలంలో చెక్క ఉబ్బి, వేలితో నొక్కే మెట్లు కొన్ని మోగేవి కావు. నేర్పే టీచరమ్మ, "మోగని మెట్టు కాడ ఆగద్దు, ఆడ నువ్వు పాడు" అనేది. అలా వేళ్లతో కొంత, గొంతుతో కొంత వాయించడం అలవాటైంది. వానలు తగ్గి మెట్లన్నీ మోగినా గొంతు ఆపబుద్ధి అయ్యేది కాదు.

చదువు అయ్యాక నల్లగొండలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాను. పియానో ఎక్కడిది, కీబోర్డే. యాదగిరిగుట్ట కింద సత్రాల్లో లగ్గాలుంటే పొద్దంతా అక్కడే. పెళ్లివారు కీబోర్డుకు కూడా బొట్టు పెట్టేవారు. ఆదివారం అదే కీబోర్డు చర్చికి తెస్తే అమ్మ కొంగుతో ఆ కుంకుమ తుడిచి, "దీనికి మీ అందరికంటె ఎక్కువ మతాలున్నయ్" అని నవ్వేది.

ఉద్యమం రోజుల్లో వేదికలెక్కాను. అక్కడ డప్పు, గజ్జె, గొంతు చాలు. నా కీబోర్డుకు కరెంటు కావాలి, టేబుల్ కావాలి. "అన్నా, నువ్వు టేబుల్ సదురుకునేసరికి రాష్ట్రమొచ్చి పోతది" అని ఒకడు మైకులోనే అన్నాడు. జనమంతా నవ్వారు, నేనూ నవ్వాను. రాష్ట్రం వచ్చింది. ఇక ఎవరి పాట వారు పాడుకునే కాలం వచ్చిందని నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకొని, నిజం పియానోలా బరువైన మెట్లున్న కీబోర్డు ఒకటి కొని, నా పాటలు నేనే రికార్డు చేసి ఫోన్లలోకి వదలడం మొదలుపెట్టాను.

ఎవరూ వినలేదు. విన్న కొద్దిమందీ "గిది చర్చి పాట లెక్క ఉన్నది" అన్నారు. చర్చిలో పాడితే "సినిమా పాట లెక్క ఉన్నది" అన్నారు. ఏళ్లకేళ్లు అలా గడిచాయి. పెళ్లి కూడా చేసుకోలేదు. ఈ పాటతో అయినా నిలబడతాననుకోవడం, ఆ పాట పడిపోవడం, ఇంకో పాట. అదే నా బతుకు.

మా చెల్లె ఇంటర్ చదువుతుండగా జ్వరంతో చనిపోయింది. దవాఖానకు తీసుకుపోవడం ఆలస్యమైంది. అప్పటిదాకా నాట్ల దగ్గర పాట ఎత్తుకునేది అమ్మే. మిగతా ఆడవాళ్లు ఆమె వెనక అందుకునేవారు. చెల్లె పోయాక ఆమె నాటుకు పోయింది కానీ పాట ఎత్తలేదు. వేరేవాళ్లు ఎత్తితే అందుకోనూ లేదు.

రాష్ట్రం వచ్చిన తర్వాతి ఎండాకాలాల్లో ఒకసారి మా చెలకలోని బోరు ఎండిపోయింది. నేను ఊళ్లోనే ఉన్నాను. మోటారు వేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అమ్మ పైపు పక్కన కూర్చుంది. నాతో అన్నట్టు కాకుండా, "అన్ని ఎండినయ్ గని దాని యాది ఎండుతలేదు" అంది.

ఇంటికి వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. పాట వచ్చేసింది.

బోరెండిపాయె బిడ్డా, బొక్కెనెండె బిడ్డా
నిన్ను తల్సుకున్న కండ్లు ఎండకపాయె బిడ్డా

ఇంకా నాలుగు చరణాలు ఉన్నాయి, ఇక్కడ రాయను. అమ్మకు పాడి వినిపించాను. ఆమె ఏడవలేదు. "మళ్ల అను" అంది. రెండోసారికి తానే అందుకుంది. చెల్లె పోయిన తర్వాత ఆమె గొంతు వినడం అదే మొదలు. ఆమె 'బిడ్డా' అనే చోట స్వరం నా కీబోర్డు మీద ఎక్కడా లేదు. తెల్ల మెట్టుకూ నల్ల మెట్టుకూ నడుమ ఎక్కడో ఉంది. ఏ మెట్టు నొక్కినా ఆమెను తప్పుపట్టినట్టు ఉండేది. అందుకని అక్కడ చేతులు ఎత్తేసి ఆమె గొంతు ఒక్కదాన్నే వదిలాను. నేను చేసిన వాటిలో మంచి పని అదొక్కటే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నల్లగొండలో ఒక స్టూడియో నడిపే అతను ఉండేవాడు. వయసులో నాకంటే చిన్నవాడే అయినా అందరూ అన్నా అనేవారు, నేనూ అనేవాణ్ణి. పాట విని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "దీని మీద నీ పేరు వేస్తే జనంలకు పోదు" అన్నాడు.

"ఎందుకు పోదు?"

"నువ్వెవ్వరివి? తప్పుగ అనుకోకు. కొత్త పాట అంటె జనం వంకలు పెడ్తరు. పాత పాట అంటె చేతులు గట్టుకొని వింటరు. ఇప్పుడు అందరికి అవ్వల పాటలు గావాలె, తాతల పాటలు గావాలె. సేకరణ అని వెయ్యి. కింద నీ పేరు ఉంటది గద."

"రాసింది నేను గదనె."

"పోయినంక చెప్పుకో. ముందు పోనీ."

సేకరణ. ఎవరో మరిచిపోయిన దాన్ని ఏరి తెచ్చినవాడి పని. ఆ మాట చెవికి తప్పుగా వినిపించలేదు. వినయంగానే వినిపించింది. మా వైపు అప్పట్లో చాలామంది దీనికి తలకిందులుగా చేసేవారు, అవ్వలు పాడిన పాటల మీద తమ పేర్లు వేసుకునేవారు. నా పాటను నేనే అవ్వకు ఇస్తున్నాను, ఇందులో ఎవరి సొమ్ము పోతుంది అనుకున్నాను.

మా ఇంటి ముందు రేకుల కింద కీబోర్డు పెట్టి వీడియో తీశారు. మొదట అమ్మ కెమెరా వైపు చూసి, "ఈ పాట మాకు మా అవ్వ నేర్పింది" అనాలి.

అమ్మ నా మొహం చూసింది. "మా అవ్వా? ఆమెకు పాటలెక్కడియిరా? తిట్లే వచ్చు. ఆమె నోరు తెరిస్తె వాడకట్టంత తలుపులేసుకునేది."

కెమెరా పట్టుకున్నవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఊకె అనమ్మా. ఒక్క మాట."

"అబద్దమైతది గద బిడ్డా."

"నీకు పాట నేర్పింది అవ్వనే గద, ఏదో ఒకటి."

"ఏది నేర్పిందిరా? నాటుకాడ పెద్దమ్మలు నేర్పిన్రు."

"అమ్మా, నా కోసం."

ఆమె కొంగు సర్దుకొని, కెమెరా వైపు తిరిగి, ఒక్కసారికే తడబడకుండా చెప్పేసింది.

పాట పోయింది. ఎంత పోయిందంటే ఆటోల్లో, ట్రాక్టర్లలో, బిడ్డను అత్తవారింటికి సాగనంపేటప్పుడు, ఎక్కడ చూసినా అదే. అది సాగనంపే పాట కాదు, చచ్చిపోయిన పిల్ల పాట. కానీ ఎవరికి చెప్పను? నన్ను సభలకు పిలిచారు. మట్టిలో మరుగునపడ్డ పాటను పియానో మీదికి తెచ్చిన మనిషని శాలువాలు కప్పారు. మైకు ముందు నిలబడి, ఇలాంటి పాటలు మన అవ్వల దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో అని నేనూ చెప్పాను. చప్పట్లు కొట్టారు. నా సొంత పాటలు పాడబోతే, "అది కాదు సార్, పాతది పాడుండ్రి" అనేవారు.

ఒకరోజు కాలేజీలో తెలుగు చెప్పే సారు మా ఇంటికి వచ్చారు. పాటలంటే ప్రాణం పెట్టే మనిషి, నిజాయితీపరుడు. ఫోను ముందు పెట్టి అమ్మను అడగడం మొదలుపెట్టారు. మీ అవ్వది ఏ ఊరు, ఏ పని చేసేటప్పుడు పాడేది, ఎవరెవరు అందుకునేవారు. అమ్మ చాప మీద కూర్చొని జవాబులు చెబుతోంది. నేను సారు వెనక నిలబడ్డాను.

"ఒక్క అనుమానమమ్మా" అన్నారు సారు. "మీ అవ్వ చిన్నప్పుడు బోర్లు లేవు గదా. పాటల బోరెండిపాయె అని ఎట్లొచ్చింది?"

నేను రాసిన పాటలో నా గుర్తు అదొక్కటే. ఆ పాట నిన్న మొన్నటిదని చెప్పగలిగే మాట అదొక్కటే.

అమ్మ నన్ను చూడలేదు. సారునే చూస్తూ, "మా అవ్వ మోటెండిపాయె అని పాడేది సారూ. మోటలు పోయినయ్ గద. పిల్లలకు సమజుగాదని నేనే బోరు జేసిన" అంది.

సారు మొహం వెలిగిపోయింది. "చూసిన్రా! జానపదం అంటె గిదే. కాలంతోని మారుకుంట వస్తది" అని నా భుజం తట్టారు. గండం గడిచిందనుకున్నాను. అంతకంటే సిగ్గుచేటు సంగతి కూడా రాయాలి. అమ్మ తెలివికి ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది.

సారు వెళ్లాక ఆమె చాప చుట్టలేదు, అలాగే కూర్చుంది. "ఎంత అల్కగ వచ్చిందిరా అబద్దం! నాకే భయమైంది" అంది.

తర్వాతి ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతుంటే, "ఇయ్యాల సాక్ష్యం చెప్త" అంది. మా చర్చిలో పాటలు అయ్యాక ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది చెప్పుకోవచ్చు. మేలు చెప్పుకోవచ్చు, తప్పు ఒప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం.

"ఏం చెప్తవ్?"

"పాట నువ్వు రాసినవని, నేను అబద్దమాడిన్నని."

మరుసటి వారం ఆత్మకూర్‌లో నాకు సన్మానం ఉంది. బ్యానర్లు కూడా కట్టారు. "ఇప్పుడొద్దమ్మా, ఇజ్జత్ పోతది" అన్నాను. "జర ఆగు. నేనే చెప్త అందరికి."

"ఎప్పుడు చెప్తవ్?"

"చెప్త అన్న గద."

ఆమె ఆగింది. అది నెలలో మొదటి ఆదివారం. బల్ల దగ్గరికి అందరూ లేచారు, ఆమె లేవలేదు. కీబోర్డు మీద వేళ్లు ఆడుతుండగా నేను చూశాను. ఆడవాళ్ల వరసలో ఆమె ఒక్కతే తల వంచుకొని కూర్చుంది. చర్చి అయ్యాక అయ్యగారు అడిగితే ఆమె నోరు తెరిచేలోపే నేనే అన్నాను, "మోకాళ్లు పట్టినయ్ అయ్యగారూ" అని. మొదటి అబద్ధం నేను అడిగితే చెప్పింది. ఇప్పుడు అడగకుండానే ఆమె తరఫున నేను చెప్పాను. ఆ తర్వాత ప్రతి మొదటి ఆదివారం ఆమె అలాగే కూర్చునేది, నేను వాయిస్తూనే ఉండేవాణ్ణి. అందరికీ చెబుతానన్న మాట నేను నిలబెట్టుకోలేదు.

కొన్నాళ్లకు ఆ పాట ఒక సినిమాలో వచ్చింది. పెద్ద గొంతు, పెద్ద వాయిద్యాలు. రచన అన్న చోట జానపదం అని వేశారు. నన్నెవరూ అడగలేదు. ఎందుకు అడుగుతారు? అది అందరి పాట అని చెప్పింది నేనే. 'బిడ్డా' దగ్గర వయొలిన్లు నింపేశారు.

అప్పుడు నాకు నిజం గుర్తొచ్చింది. ఫోను ముందు కూర్చొని, ఈ పాట నేను రాసింది, మా చెల్లె గురించి రాసింది, కావాలంటే చూడండి, పాత పాటలో బోరు ఎలా ఉంటుంది అని వీడియో పెట్టాను. గడియ గడవకముందే, తెలుగు సారు అప్పట్లో నెట్‌లో పెట్టిన వీడియోలోంచి అమ్మ మాట్లాడిన ముక్కను ఎవరో దాని పక్కన పెట్టారు. మా అవ్వ మోటెండిపాయె అని పాడేది సారూ, నేనే బోరు జేసిన. దాని కింద మాటలు: "అవ్వ పాటకు మనుమడు పట్టా చేయించుకుంటున్నడు." "తల్లి నిజం చెప్తాంది, కొడుకు దొంగ." తెలుగు సారు ఫోన్ చేశారు. తిట్టలేదు. "మీ నుంచి ఇది అనుకోలేదండీ" అని పెట్టేశారు.

నేను ఊరికి పోయాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, నువ్వు చెప్పాలె. పాట నేను రాసిన్నని చెప్పు."

ఆమె గింజలు తీయడం ఆపలేదు. "గప్పుడు నా కోసం చెప్తనంటె వద్దంటివి. ఇప్పుడు నీ కోసం చెప్పుమంటున్నవ్."

నేను పక్కన కూర్చొని నాలుగు గింజలు తీశాను.

"పెట్టు మరి, ఫోను" అంది.

చెప్పింది. అవ్వ లేదు, మోట లేదు, బోరు ఎండిన దినం కొడుకు కట్టిన పాట ఇది, చచ్చిపోయిన నా బిడ్డ మీద కట్టిండు అంది. మొదటిసారి చెప్పినంత తేటగా లేదు. మధ్యలో ఆగింది, తడబడింది, ఒకసారి నా వైపు చూసింది. అదే చాలయింది జనానికి. "చూడుండ్రి, ముసలామెను బెదిరిస్తున్నడు." "కండ్లు చూస్తెనే తెలుస్తలేదా?" అబద్ధం తడబడకుండా చెప్పిన మనిషి నిజం దగ్గర తడబడింది.

చర్చివాళ్లూ ఆ మాటే నమ్మారు. అయ్యగారు ఇంటికి వచ్చి ఆమె పక్కన కూర్చొని మెల్లగా, "కొడుకు కోసం ఒక మాట జారితె దేవుడు క్షమిస్తడమ్మా. మనసుల పెట్టుకోకుండ బల్లకు రా" అన్నారు. ఆయన అబద్ధమనుకున్నది ఆమె చెప్పిన నిజాన్ని.

అమ్మ, "నేను ఏది అబద్దమని ఒప్పుకోవాలె అయ్యగారూ?" అంది.

ఆయన వెళ్లాక నాతో అంది, "నా తప్పును గూడ నమ్ముతలేరు బిడ్డా."

తర్వాత వానాకాలం అంతా ఆమె చిక్కిపోయింది. చివరి వారంలో అయ్యగారు రొట్టె, రసం ఇంటికే తెచ్చారు. అమ్మ గోడ వైపు తిరిగింది. "మింగుడు పడ్తలేదు అయ్యగారూ" అన్నాను నేను. ఆయన ప్రార్థన చేసి, తెచ్చింది తీసుకొని పోయారు. అంతకుముందే ఆమె నా చేత్తో గంజి తాగింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నల్లగొండ గది ఖాళీ చేశాను. కొత్త పాటలు రాయడం లేదు. రాసినా దాని మీద రచన అనాలో సేకరణ అనాలో, ఏ మాట వేసుకోవాలో తెలియదు. పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాను, ఆదివారం చర్చిలో వాయిస్తున్నాను. ఈ మధ్య పక్క ఊరి బళ్లో వార్షికోత్సవానికి కీబోర్డు వాయించమని పిలిచారు. ఆడపిల్లలు తలమీద బిందెలు పెట్టుకొని వరసగా వచ్చారు. పంతులమ్మ మైకులో, ఇది మన ప్రాంతపు పాత పాట, అసలు మాటలతో పాడుతున్నారు అని చెప్పింది.

మోటెండిపాయె బిడ్డా, బొక్కెనెండె బిడ్డా.

నా గుర్తు ఒక్కటి ఉండేది, అదీ పోయింది. సారుకు అమ్మ చెప్పిన మాట ఇప్పుడు పాటలో కూర్చుంది. ఆ మాట బడిపిల్లలకు అసలుదైంది. నేను వాయించాను. 'బిడ్డా' దగ్గర అలవాటుగా చేతులు ఎత్తాను. పిల్లలు ఆ స్వరాన్ని చక్కగా తెల్ల మెట్టు మీదే పాడారు. సినిమాలో విని నేర్చుకున్నారు.

పోయిన మొదటి ఆదివారం బల్ల ఇస్తున్నారు. వాయించేవాడు లేచి వెళ్తే పాట ఆగుతుంది కనుక అయ్యగారే చివర్లో పళ్లెం నా దగ్గరికి తెస్తారు. అమ్మ పోయినప్పటి నుంచి తల అడ్డంగా ఊపుతున్నాను. ఆయన పళ్లెం తీసుకొని వెనక్కి వెళ్తారు. చర్చి అయ్యాక కీబోర్డు సంచిలో పెడుతుంటే మేనత్త దగ్గరికి వచ్చింది.

"ఏందిరా, నువ్వు గూడ తీస్కుంటలేవు? మీ అమ్మ లెక్కనే నీకు మోకాళ్లు పట్టినయా?"

"లేదత్తా" అన్నాను. "ఆమెకు గూడ పట్టలె."

మేనత్తకు చెముడు. "ఆ, నీళ్లే అట్లాంటియి" అని, నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి చూసి, కర్ర అందుకొని ఎండలోకి వెళ్లిపోయింది.